సీజనల్ యానిమే: తొలి ఎపిసోడ్, తొలి అభిప్రాయం

జపాన్ టీవీలో ఏటా నాలుగుసార్లు, జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ నెలల ఆరంభంలో, కొత్త యానిమే సిరీస్‌లు మూకుమ్మడిగా మొదలవుతాయి. ఇలా విడతలవారీగా వచ్చేవాటిని సీజనల్ యానిమే అంటారు. ఒక్కో సీజన్‌లో సరికొత్త కథలూ, పాతవాటి కొనసాగింపులూ కలిపి పదుల సంఖ్యలో బరిలోకి దిగుతాయి. అన్నీ చూడటం ఎవరి తరమూ కాదు. అందుకే మొదటి వారంలోనే ఏరివేత మొదలవుతుంది. ఒక్క ఎపిసోడ్ చూసి ఏది కొనసాగించాలో, ఏది వదిలేయాలో తేల్చుకోవడం యానిమే ప్రేక్షకుల అలవాటు. ఆ అభిప్రాయాన్ని రాసి పంచుకోవడం విమర్శలో ఒక ప్రత్యేక శాఖగా స్థిరపడింది. ప్రేక్షకుడు ఏమంటాడో ముందే ఊహించి మొదటి ఎపిసోడ్‌ను మలచడం నిర్మాణంలో భాగమైపోయింది.

తొలి అభిప్రాయం పైకి కథ బాగోగుల మీద తీర్పులా కనిపిస్తుంది. కానీ దానికి ఈ రూపం ఇచ్చినవి ప్రసార క్యాలెండరూ, పెట్టుబడి పద్ధతీ. మొదటి ఎపిసోడ్ ఏ విషయంలో నమ్మదగిన సాక్ష్యమో, ఏ విషయంలో కాదో ఆ రెండింటినీ చూస్తేనే తెలుస్తుంది.

ప్రసార క్యాలెండర్

సంవత్సరంలోని 52 వారాలను నాలుగు భాగాలు చేస్తే ఒక్కో భాగానికి 13 వారాలు వస్తాయి. జపాన్ ప్రసార రంగంలో ఈ 13 వారాల విడతను ‘కూర్’ అంటారు. మధ్యలో ఏదో ఒక వారం ప్రత్యేక కార్యక్రమాలకో, క్రీడలకో పోతుంది కాబట్టి ఒక కూర్ యానిమే సాధారణంగా 12 లేదా 13 ఎపిసోడ్లు ఉంటుంది. కథ పెద్దదైతే రెండు కూర్లు, అంటే 24 నుంచి 26 ఎపిసోడ్లు తీసుకుంటుంది. రెండు కూర్ల మధ్య మూడు నెలలో ఆరు నెలలో విరామం ఇచ్చి, ఆ వ్యవధిలో మిగతా భాగాన్ని పూర్తిచేసుకునే పద్ధతి 2010ల నుంచి బాగా పెరిగింది.

జపాన్‌లో విద్యా సంవత్సరం, ఆర్థిక సంవత్సరం రెండూ ఏప్రిల్‌లో మొదలవుతాయి. టీవీ ఛానళ్లు కార్యక్రమాల పట్టికను పెద్ద ఎత్తున మార్చేది కూడా ఏప్రిల్, అక్టోబర్ నెలల్లోనే. ఆ రెండు సీజన్లలో పోటీ మిగతా వాటికన్నా ఎక్కువగా ఉంటుంది.

సీజనల్ యానిమేలో అధిక భాగం అర్ధరాత్రి దాటాక ప్రసారమవుతుంది. జపాన్ టీవీ పట్టికల్లో రాత్రి ఒంటిగంటన్నరను 25:30 అని రాసే ఆనవాయితీ ఉంది. శనివారం 25:30 అంటే క్యాలెండర్ ప్రకారం ఆదివారం తెల్లవారుజాము. చూసేవాడికి మాత్రం అది ఇంకా శనివారం రాత్రే. కొత్త సీజన్ మొదలయ్యే వారంలో ఇలాంటి అంకెలతో నిండిన పట్టికలు చేతిలో పెట్టుకుని ఏ ఛానల్లో ఏది రికార్డు చేయాలో లెక్కలు వేసుకోవడం అక్కడి అభిమానులకు చాలాకాలంగా ఉన్న పని.

ఒక ఎపిసోడ్ నిడివి ప్రకటనలు తీసేస్తే సుమారు 24 నిమిషాలు. అందులో ఓపెనింగ్ పాటకు నిమిషంన్నర, ముగింపు పాటకు నిమిషంన్నర పోతుంది. మిగిలే 21 నిమిషాల్లోనే కొత్త లోకాన్ని, మనుషుల్ని, సమస్యను పరిచయం చేసి, వచ్చే వారం మళ్లీ రావాలనిపించాలి.

చరిత్ర

వారం వారం అరగంట నిడివితో వచ్చే యానిమేకు బాట వేసింది ఒసాము తెజుకా రూపొందించిన ‘ఆస్ట్రో బాయ్’. 1963 జనవరి 1న ఫుజి టీవీలో మొదలై 1966 చివరి వరకు 193 ఎపిసోడ్లు నడిచింది. ఆ రోజుల్లో సిరీస్ అంటే ఏళ్ల తరబడి సాగేదే. 1969లో మొదలైన ‘సజాయే-సాన్’ ఆ పాత పద్ధతికి నేటికీ నిలిచి ఉన్న ఉదాహరణ. అలాంటి వాటికి మొదటి ఎపిసోడ్ ప్రాణసంకటం కాదు. ఈ వారం కాకపోతే వచ్చే వారం చూస్తారన్న ధీమా ఉండేది.

తొలి ఆదరణ తప్పుదారి పట్టించిన పెద్ద ఉదంతాలు రెండూ 1970ల్లోనివే. 1974 అక్టోబర్‌లో మొదలైన ‘స్పేస్ బ్యాటిల్‌షిప్ యమాటో’ అదే సమయంలో వేరే ఛానల్లో వస్తున్న ‘హైడి’తో పోటీపడలేక, అనుకున్నదానికన్నా ముందే 26 ఎపిసోడ్లతో ముగిసింది. పునఃప్రసారాల్లో అభిమానులు పోగయ్యారు. 1977లో సినిమాగా వచ్చేసరికి అది ఒక ప్రభంజనమైంది. 1979లో వచ్చిన ‘మొబైల్ సూట్ గండం’ బొమ్మలు అమ్ముడుపోక 43 ఎపిసోడ్లతో ఆగింది. పునఃప్రసారాలూ, ఆ తర్వాత వచ్చిన ప్లాస్టిక్ మోడల్ కిట్లూ దాన్ని నిలబెట్టాయి. మొదట్లో జనం పట్టించుకోని కథకు రెండో అవకాశం ఇచ్చే యంత్రాంగం అప్పట్లో పునఃప్రసారమే.

1995 అక్టోబర్‌లో టీవీ టోక్యోలో సాయంత్రం వేళ మొదలైన ‘నియాన్ జెనెసిస్ ఎవాంజెలియన్’ను 1997లో అర్ధరాత్రి మళ్లీ వేసినప్పుడు ఆ వేళకు ఊహించనంత ఆదరణ దక్కింది. అప్పటికే 1996లో అదే ఛానల్ అర్ధరాత్రి వేళ కొత్త యానిమే వేయడం మొదలుపెట్టింది. పిల్లల కోసం కాక, డిస్కులు కొనగలిగే పెద్దల కోసం తీసే చిన్న సిరీస్‌లకు ఆ వేళ సరిగ్గా సరిపోయింది. 2000ల్లో టోక్యో ఎంఎక్స్, టీవీ సైతమా లాంటి స్థానిక ఛానళ్లు ఈ ధోరణికి నెలవయ్యాయి. 2005 ఏప్రిల్‌లో ఫుజి టీవీ ‘హనీ అండ్ క్లోవర్’తో మొదలుపెట్టిన ‘నొయిటమినా’ విభాగం, మామూలుగా యానిమే చూడని యువతులను దృష్టిలో పెట్టుకుంది.

2009 జనవరి నుంచి క్రంచీరోల్ సంస్థ జపాన్ ప్రసారం జరిగిన కొద్దిసేపటికే సబ్‌టైటిల్స్‌తో విదేశాల్లో చూపించడం మొదలుపెట్టడంతో సీజన్ అన్నది ప్రపంచమంతటికీ ఉమ్మడి క్యాలెండర్ అయింది. టోక్యోలోనూ, లాటిన్ అమెరికాలోనూ, హైదరాబాద్‌లోనూ ఒకే రోజు ఒకే ఎపిసోడ్ మీద మాట్లాడుకునే పరిస్థితి ఏర్పడింది.

పెట్టుబడి, మార్కెట్

సీజనల్ యానిమేకు డబ్బు పెట్టేది ఎక్కువగా నిర్మాణ కమిటీ. ప్రచురణ సంస్థ, సంగీత సంస్థ, టీవీ ఛానల్, ప్రకటనల ఏజెన్సీ, బొమ్మల కంపెనీ లాంటివి వాటాలు వేసుకుని కమిటీగా ఏర్పడతాయి. నష్టం వస్తే పంచుకుంటాయి, లాభం వస్తే తమ తమ వ్యాపారాల ద్వారా రాబట్టుకుంటాయి. బొమ్మలు గీసే స్టూడియోకు చాలాసార్లు ముందే మాట్లాడుకున్న పారితోషికమే దక్కుతుంది. సిరీస్ ఎంత హిట్టయినా, కమిటీలో వాటా లేని స్టూడియోకు అదనంగా ముట్టేది తక్కువ.

అర్ధరాత్రి ప్రసారానికి ఆ సమయాన్ని చాలా సందర్భాల్లో కమిటీయే డబ్బిచ్చి కొంటుంది. అంటే ప్రసారమే ఒక ప్రకటన. అసలు రాబడి ఒకప్పుడు డిస్కుల నుంచి వచ్చేది. రెండేసి ఎపిసోడ్లు ఉన్న ఒక్కో డిస్క్ ఆరేడు వేల యెన్లకు అమ్మేవారు. మొదటి ఎపిసోడ్లో మనసు గెలిస్తేనే అంత ఖరీదు పెట్టి కొనే అభిమాని దొరుకుతాడు. మొదటి డిస్క్ అమ్మకాల అంకెను చూసి సిరీస్ గెలిచిందో ఓడిందో తేల్చడం 2000ల్లో అభిమానుల మధ్య ఆనవాయితీ.

2010ల మధ్య నుంచి డిస్కుల స్థానాన్ని స్ట్రీమింగ్ హక్కులు ఆక్రమించాయి. జపాన్ యానిమేషన్ సంఘం లెక్కల ప్రకారం 2023లో యానిమే పరిశ్రమ విస్తృత మార్కెట్ 3.3 లక్షల కోట్ల యెన్లు దాటింది. అందులో సగానికి పైగా విదేశాల నుంచే వచ్చింది. రాబడి మార్గం మారినా మొదటి ఎపిసోడ్ బరువు తగ్గలేదు. ప్లాట్‌ఫామ్ తొలి తెరలో ఏ బొమ్మ పైకి రావాలో మొదటి వారం వీక్షణలు ప్రభావితం చేస్తాయి.

తొలి ఎపిసోడ్ తయారీ

యానిమే తయారీ స్క్రిప్టుతో మొదలై స్టోరీబోర్డు, లేఅవుట్, కీలక చిత్రాలు, మధ్య చిత్రాలు, రంగులు, కూర్పు, మాటలు, సంగీతం వరుసలో సాగుతుంది. ఒక ఎపిసోడ్లో సుమారు 300 షాట్లు ఉంటాయి. సినిమా సెకనుకు 24 ఫ్రేములైనా, టీవీ యానిమేలో ఒక్కో బొమ్మను మూడు ఫ్రేముల పాటు నిలిపి, సెకనుకు ఎనిమిది బొమ్మలతో నెట్టుకొస్తారు. అయినా ఒక ఎపిసోడ్‌కు కొన్ని వేల బొమ్మలు కావాలి.

మొదటి ఎపిసోడ్‌కు మిగతా వాటికి లేని వెసులుబాట్లు ఉంటాయి. దాని స్టోరీబోర్డును చాలాసార్లు సిరీస్ దర్శకుడే స్వయంగా గీస్తాడు. స్క్రిప్టు ప్రధాన రచయిత చేతుల మీదుగానే వస్తుంది. పాత్రల రూపకర్తే బొమ్మల పర్యవేక్షణ చూస్తాడు. గడువు కూడా ఎక్కువ దొరుకుతుంది. తర్వాతి ఎపిసోడ్లకు వచ్చేసరికి పనిని బయటి స్టూడియోలకు పంచడం, గడువులు మీద పడటం మామూలే. మొదటి ఎపిసోడ్ స్థాయినే సిరీస్ మొత్తానికీ కొలమానంగా తీసుకున్న ప్రేక్షకుడు మధ్యలో నిరాశపడటానికి మూలం ఇక్కడుంది. ఈ తయారీ కష్టాలనే కథగా మలిచిన ‘షిరోబాకో’ను పి.ఎ. వర్క్స్ 2014 అక్టోబర్‌లో ప్రసారానికి తెచ్చింది. ఒక చిన్న స్టూడియోలో కట్టల కొద్దీ చిత్రాలను కారులో వేసుకుని రాత్రిళ్లు తిరిగే ప్రొడక్షన్ అసిస్టెంటే అందులో కథానాయిక.

ప్రేక్షకుడి అభిప్రాయం నిజానికి ప్రసారానికి ముందే మొదలవుతుంది. ప్రధాన చిత్రం, ట్రైలర్లు, గాత్ర నటుల జాబితా, పాటలు పాడేవారి పేర్లు నెలల ముందే వదులుతారు. ఏటా మార్చిలో టోక్యోలో జరిగే ‘యానిమే జపాన్’ ప్రదర్శన ఇలాంటి ప్రకటనలకు పెద్ద వేదిక. ట్రైలర్ చూసి, ఒక్క ఎపిసోడ్ కూడా చూడకుండానే పక్కన పెట్టేవాళ్లూ ఉంటారు.

తొలి ఎపిసోడ్ల తీరు

ప్రేక్షకుణ్ని పట్టి నిలపడానికి దర్శకులు ఎంచుకున్న దారులను స్థూలంగా నాలుగుగా విడదీయవచ్చు.

మొదటిది, కథలోని ప్రధాన ఘాతాన్ని వెంటనే చూపించేయడం. 2013 ఏప్రిల్‌లో వచ్చిన ‘అటాక్ ఆన్ టైటాన్’ తొలి ఎపిసోడ్లో 50 మీటర్ల గోడ మీదుగా ఒక రాక్షస ముఖం తొంగిచూస్తుంది. ఎపిసోడ్ ముగిసేలోగా కథానాయకుడి కళ్లెదుటే తల్లి బలవుతుంది. 2019 ఏప్రిల్ నాటి ‘డీమన్ స్లేయర్’లో బొగ్గులమ్మి ఇల్లు చేరిన తంజిరోకు కుటుంబమంతా హతమై కనిపిస్తుంది. ప్రాణమున్న చెల్లెల్ని వీపున వేసుకుని మంచులో నడుస్తాడు. ఈ పద్ధతిలో తర్వాత ఏం రాబోతోందో ప్రేక్షకుడికి అనుమానం ఉండదు.

రెండోది, అసలు కథను దాచి ఉంచడం. 2015 జూలైలో మొదలైన ‘గక్కో గురాషి’ ముద్దులొలికే బడిపిల్లల సరదా కథలా సాగుతుంది. బడి అంటే ప్రాణమిచ్చే యుకి అనే అమ్మాయి తరగతి గదిలో స్నేహితులతో ముచ్చట్లాడుతూ ఉంటుంది. చివరి నిమిషాల్లో మరో అమ్మాయి కళ్లతో అదే గదిని చూస్తాం. పగిలిన కిటికీ అద్దాలు, చెల్లాచెదురైన బెంచీలు, ఖాళీ గదితో మాట్లాడుతున్న యుకి. బయట ఆవరణలో జాంబీలు తిరుగుతుంటాయి. అంతవరకు చూసిన ప్రతి దృశ్యాన్నీ మళ్లీ చూడాలనిపించేలా చేసిన అల్లిక అది. ఓపెనింగ్ పాట దృశ్యాలను కూడా వారం వారం కొద్దికొద్దిగా మారుస్తూ పోయారు. 2018 అక్టోబర్‌లో వచ్చిన ‘జాంబీ ల్యాండ్ సాగా’లో ఐడల్ (పాప్ తార) కావాలని కలలుగన్న అమ్మాయి ఉత్సాహంగా ఇంటి గేటు దాటిందో లేదో చిన్న ట్రక్కు గుద్ది చనిపోతుంది. సిరీస్ మొదలై అప్పటికి కొద్ది నిమిషాలే.

మూడోది, ప్రేక్షకుడి అంచనాతో పంతానికి దిగడం. 2006 ఏప్రిల్‌లో క్యోటో యానిమేషన్ తీసిన ‘హరుహి సుజుమియా’ మొదటి రోజు చూసినవాళ్లకు దొరికింది, బడిపిల్లలు సాంస్కృతికోత్సవానికి తీసిన ఒక నాసిరకం సినిమా. కెమెరా వణుకుతుంది, నటులు బిగుసుకుపోతారు, కథకు తలాతోకా ఉండదు. ఆ నాసితనమంతా ఎంతో శ్రమపడి గీసిందే. మూల నవలలు చదవనివాళ్లు తలపట్టుకున్నా, ఎపిసోడ్లను కాలక్రమం తప్పించి ప్రసారం చేసిన ఆ సిరీస్ దశాబ్దంలోనే ముఖ్యమైనదిగా నిలిచింది. 2015 అక్టోబర్‌లో వచ్చిన ‘ఒసోమత్సు-సాన్’ మరో అడుగు ముందుకేసింది. 1960ల నాటి హాస్య మాంగా (జపాన్ కామిక్స్) పాత్రలైన ఆరుగురు కవల సోదరులు ఈ కాలంలో ఎలా నెగ్గుకురావాలా అని తర్జనభర్జన పడి, మెరిసే ఐడల్ కుర్రాళ్లుగా మారిపోతారు. నడుస్తున్న హిట్లన్నింటినీ వెక్కిరించిన ఆ ఎపిసోడ్‌ను తర్వాత స్ట్రీమింగ్ నుంచి తీసేశారు, డిస్కులోనూ పెట్టలేదు.

నాలుగోది, 24 నిమిషాల హద్దునే చెరిపేయడం. 2011 అక్టోబర్‌లో ‘ఫేట్/జీరో’, 2016 ఏప్రిల్‌లో ‘రీ:జీరో’ రెట్టింపు నిడివితో మొదలయ్యాయి. 2023 ఏప్రిల్‌లో ‘ఒషి నో కో’ ఏకంగా గంటన్నర తొలి ఎపిసోడ్‌తో వచ్చింది. మాంగా మొదటి సంపుటంలో ఐడల్ గాయని ఐ జీవితం ఎలా ముగుస్తుందో చూస్తేగానీ కథ ఏమిటో అర్థం కాదు. దాన్ని నాలుగు వారాలకు సాగదీస్తే చాలామంది ఆ మలుపు దాకా ఆగరు. టీవీ ప్రసారానికి ముందే మార్చిలో దాన్ని జపాన్ థియేటర్లలో కూడా చూపించారు.

దగ్గరగా ఒక ఉదాహరణ: ‘ఫ్రీరెన్’

2023 సెప్టెంబర్ 29 శుక్రవారం రాత్రి నిప్పన్ టీవీ, మామూలుగా సినిమాలు వేసే తన ప్రసిద్ధ శుక్రవారం సమయాన్ని ‘ఫ్రీరెన్’కు ఇచ్చింది. మొదటి నాలుగు ఎపిసోడ్లు కలిపి రెండు గంటల కార్యక్రమంగా వచ్చాయి. టీవీ సిరీస్ తొలి ప్రసారానికి ఆ సమయం కేటాయించడం అసాధారణం. ఈ నిర్ణయానికి కారణం కథనంలోనే కనిపిస్తుంది.

కథ మొదలయ్యేసరికే రాక్షసరాజు చనిపోయాడు. పదేళ్ల యాత్ర ముగించుకుని వీరుడు హిమ్మెల్, పూజారి హైటర్, మరుగుజ్జు యోధుడు ఐజెన్, ఎల్ఫ్ జాతి మంత్రగత్తె ఫ్రీరెన్ రాజధానికి తిరిగొస్తారు. 50 ఏళ్లకోసారి వచ్చే ఉల్కాపాతాన్ని నలుగురూ చూస్తారు. వచ్చేసారి ఇంకా బాగా కనిపించే చోటు చూపిస్తానని చెప్పి ఫ్రీరెన్ వెళ్లిపోతుంది. వెయ్యేళ్లకు పైగా బతికిన ఆమెకు 50 ఏళ్లు ఒక లెక్క కాదు. తిరిగొచ్చేసరికి హిమ్మెల్ తల నెరిసి, నడుం వంగిన ముసలివాడు. ఉల్కాపాతం చూసిన కొన్నాళ్లకే చనిపోతాడు. అంత్యక్రియల్లో మొదట కన్నీరు రాని ఫ్రీరెన్, పదేళ్లు కలిసి తిరిగినా అతని గురించి ఏమీ తెలుసుకోలేదని గ్రహించి ఏడుస్తుంది.

ఇదంతా జరిగేది ఒక్క ఎపిసోడ్లో. పోరాటం లేదు, ప్రతినాయకుడు లేడు. పైపైన చూస్తే ఇది ముగిసిపోయిన కథ. యాభై ఏళ్లను దర్శకుడు కెయిచిరో సైతో కొద్ది షాట్లలో దాటించేస్తాడు. ఆ వేగమే ఫ్రీరెన్ మనసుకు కాలం ఎలా తోస్తుందో చెబుతుంది. అయితే ఈ కథ ఎటు నడుస్తుందో తెలియాలంటే ఆమె ఫెర్న్ అనే శిష్యురాలిని చేరదీయడం, ఆ శిష్యురాలు పెరగడం, యాత్ర మళ్లీ మొదలవడం చూడాలి. నాలుగు ఎపిసోడ్ల కట్ట ఆ పనిచేసింది. మ్యాడ్‌హౌస్ స్టూడియో తీసిన ఈ సిరీస్ తొలి సీజన్ రెండు కూర్లు విరామం లేకుండా నడిచి, 28 ఎపిసోడ్లతో 2024 మార్చిలో ముగిసింది.

మూడు ఎపిసోడ్ల నియమం

ఒక్క ఎపిసోడ్‌తో తేల్చేయడం తొందరపాటని, మూడు చూసి నిర్ణయించుకోవాలని యానిమే ప్రేక్షకుల్లో ఒక వాడుక నియమం ఉంది. 12 ఎపిసోడ్ల సిరీస్‌లో మూడంటే పావు వంతు. దీనికి అందరూ ఎత్తిచూపే సాక్ష్యం 2011 జనవరిలో వచ్చిన ‘మాడోకా మాజికా’. షాఫ్ట్ స్టూడియో, దర్శకుడు అకియుకి షింబో, రచయిత గెన్ ఉరోబుచి చేసిన ఈ సిరీస్‌ను మాయాశక్తులున్న ఆడపిల్లల హాయైన కథలా ప్రచారం చేశారు. గుండ్రటి ముఖాల బొమ్మలు అందుకు తగ్గట్టే ఉన్నాయి. ఓపెనింగ్ పాటలోనూ పోస్టర్లలోనూ ముందు వరసలో కనిపించే మామి, మూడో ఎపిసోడ్లో దారుణంగా చనిపోతుంది. ఆ ఎపిసోడ్ చివర వచ్చే ముగింపు పాట స్వరమే వేరు. పాత్రల రూపాలు మారలేదు. చూసేవాడు వాటిని నమ్మడం మానేశాడంతే. ఆ ఏడాది మార్చి 11 నాటి మహా భూకంపం వల్ల ఆగిన చివరి ఎపిసోడ్లు ఏప్రిల్‌లో ప్రసారమయ్యాయి.

నిర్మాతలు ఈ నియమాన్ని ఇప్పుడు తామే వాడుకుంటున్నారు. ‘డీమన్ స్లేయర్’ మొదటి ఐదు ఎపిసోడ్లను 2019 మార్చి చివర్లో జపాన్ థియేటర్లలో వేశారు. 2024 అక్టోబర్‌లో టీవీకి వచ్చిన ‘డాన్ డా డాన్’ తొలి మూడు ఎపిసోడ్లు అంతకు ముందు నెలలోనే థియేటర్లలో ఆడాయి. ప్రేక్షకుడు మూడు వారాలు ఆగుతాడో లేదో అన్న బెంగ లేకుండా, మూడింటినీ ఒకేసారి కూర్చోబెట్టి చూపించేయడం ఇందులోని కిటుకు. మరోవైపు 2018 జనవరిలో ‘డెవిల్‌మ్యాన్ క్రైబేబీ’ పది ఎపిసోడ్లనూ నెట్‌ఫ్లిక్స్ ఒకేరోజు వదిలింది. అలాంటి విడుదలలో తొలి ఎపిసోడ్ మీద వేరుగా చర్చ జరగడానికి వ్యవధే ఉండదు.

అంచనాలు తలకిందులైన సందర్భాలు

2017 జనవరిలో టీవీ టోక్యోలో మొదలైన ‘కెమోనో ఫ్రెండ్స్’ మీద మొదట్లో పెద్దగా ఆశలు లేవు. దానికి అనుబంధంగా ఉన్న మొబైల్ గేమ్ ప్రసారానికి ముందే, 2016 డిసెంబర్‌లో మూతపడింది. కంప్యూటర్ బొమ్మల కదలికలు బిగుసుకుపోయినట్టు ఉండేవి. సవన్నా గడ్డిలో దారితప్పిన ఒక పిల్ల, ఆమెకు తోడైన సర్వల్ పిల్లి అమ్మాయి చిన్నపిల్లల కార్యక్రమంలోలా మాట్లాడుకుంటూ నడిచేవాళ్లు. కానీ ముగింపు పాట వెనక పాడుబడిన వినోద ఉద్యానవనాల నలుపు తెలుపు ఫొటోలు ఎందుకు వస్తున్నాయో కొందరు గమనించారు. కథ జరిగే పార్కులో మనుషులు ఏమయ్యారన్న ప్రశ్న వారం వారం పాకింది. సీజన్ ముగిసేసరికి ఆ చౌకరకం సిరీసే అందరి నోళ్లలో నానింది. 2022 అక్టోబర్‌లో వచ్చిన ‘బొచ్చి ది రాక్!’ కూడా ‘చెయిన్సా మ్యాన్’ లాంటి భారీ పేర్ల నడుమ నోటిమాటతోనే పైకొచ్చింది. దాని దర్శకుడు సైతోయే మరుసటి ఏడాది ‘ఫ్రీరెన్’ తీశాడు.

తొలిచూపులో మెరిసి తర్వాత తడబడినవీ ఉన్నాయి. 2021 జనవరి నాటి ‘వండర్ ఎగ్ ప్రయారిటీ’ మొదటి ఎపిసోడ్ బొమ్మల నాణ్యతకు ప్రశంసలు వెల్లువెత్తాయి. గడువు ఒత్తిడితో మధ్యలో ఒక ఎపిసోడ్ పాత దృశ్యాల పునశ్చరణతో సరిపెట్టారు. ముగింపు జూన్‌లో ప్రత్యేక ఎపిసోడ్‌గా వచ్చినా చాలామందిని తృప్తిపరచలేదు. 2024 సెప్టెంబర్‌లో మొదలైన ‘ఉజుమాకి’ కథ ఇంకా స్పష్టం. జుంజి ఇటో మాంగా గీతలను నలుపు తెలుపులో యథాతథంగా కదిలించిన తొలి ఎపిసోడ్ అబ్బురపరిచింది. మొత్తం నాలుగే ఎపిసోడ్లు. రెండోదానికే నాణ్యత కళ్లకు కొట్టొచ్చినట్టు పడిపోయింది.

‘డీమన్ స్లేయర్’ది మధ్యస్థమైన ఉదాహరణ. తొలి ఎపిసోడ్‌కు మంచి పేరే వచ్చింది. దాన్ని జాతీయ ఉత్సవంగా మార్చింది మాత్రం ఆగస్టులో ప్రసారమైన 19వ ఎపిసోడ్. తరువాతి ఏడాది విడుదలైన ‘ముగెన్ ట్రైన్’ సినిమా 4,000 కోట్ల యెన్లు దాటి జపాన్ వసూళ్ల రికార్డు తిరగరాసింది.

తొలి అభిప్రాయ రచన

విడతల ఆరంభంలో రాసే తొలి అభిప్రాయాలకు ఒక వరస ఏర్పడింది. ముందుగా మూలం ఏమిటో చెబుతారు: మాంగా, లైట్ నవల, వెబ్ నవల, గేమ్, లేదా స్టూడియో సొంత కథ. స్టూడియో, దర్శకుడు, ప్రధాన రచయితల గత కృషిని ప్రస్తావిస్తారు. కథా సారాంశం క్లుప్తంగా ఇచ్చి, బొమ్మలు, కదలిక, గాత్రం, సంగీతం, కథనవేగం మీద వ్యాఖ్యానిస్తారు. చివర కొనసాగించాలా వద్దా అన్న మాట.

మూలం తెలిసినవాడి కొలమానం, తెలియనివాడి కొలమానం ఒకటి కావు. మాంగా చదివినవాడు ఏ ఘట్టం తీసేశారు, ఎంత దూరం లాక్కొచ్చారు అని చూస్తాడు. కొత్తవాడికి పేర్లు గుర్తుంటున్నాయా, తెర మీద జరుగుతున్నది అర్థమవుతోందా అన్నదే ప్రశ్న. వెబ్ నవలల నుంచి వచ్చే ‘మరో లోకంలో పునర్జన్మ’ కథలు ఈ విషయంలో ఎక్కువ విమర్శకు గురవుతాయి. ప్రమాదంలో మరణం, దేవత ప్రత్యక్షం, అసాధారణ శక్తి ప్రసాదం అనే మూడు మెట్లు ఎన్నో కథల తొలి ఎపిసోడ్లలో అచ్చంగా అవే. సీజన్‌కు నాలుగైదు వస్తే ఏది ఏదో గుర్తుపట్టడం కష్టం. అలాంటప్పుడు సమీక్షకుడు చూడాల్సింది ఆ మెట్లు ఉన్నాయా అని కాక, నాలుగో మెట్టు దగ్గర దర్శకుడు ఏం చేశాడని.

తెలుగు ప్రేక్షకులు

జపాన్ సమయం మనకన్నా మూడున్నర గంటలు ముందు. అక్కడ అర్ధరాత్రి అంటే ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర. జపాన్‌లో నిద్ర మానుకుని చూడాల్సిన ఎపిసోడ్ తెలుగు ప్రేక్షకుడికి, ప్రసారంతో పాటే స్ట్రీమింగ్‌కు వస్తే, భోజనాల వేళకు అందుతుంది.

చాలాకాలం ఇక్కడివాళ్లు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తోనే సీజనల్ యానిమే చూశారు. క్రంచీరోల్ తెలుగు, తమిళ డబ్బింగ్ మొదలుపెట్టాక పరిస్థితి మారింది. 2024 జనవరిలో మొదలైన ‘సోలో లెవెలింగ్’ తెలుగులోనూ వచ్చిన ప్రముఖ సిరీస్. ఆ ఏడాది మార్చిలో టోక్యోలో జరిగిన క్రంచీరోల్ యానిమే అవార్డుల వేడుకకు నటి రష్మిక మందన్న హాజరయ్యారు. 2025 సెప్టెంబర్ 12న ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ తెలుగు డబ్బింగ్‌తో కూడా థియేటర్లలో విడుదలైంది. డబ్బింగ్ ఎపిసోడ్లు జపాన్ ప్రసారం కన్నా కొంత వెనకగా వస్తుంటాయి కాబట్టి తెలుగులో చూసేవారి తొలి అభిప్రాయం, సబ్‌టైటిల్స్‌తో చూసేవారు అప్పటికే చర్చించి వదిలేసిన దాని మీద ఏర్పడుతుంది.

తెలుగు టీవీ సీరియల్‌కు ముగింపు తేదీ ముందుగా తెలియదు. ఆదరణ ఉన్నన్నాళ్లూ సాగుతుంది, మధ్యలో ఎప్పుడు చేరినా పట్టుకోవచ్చు. సీజనల్ యానిమే ఎన్ని వారాలో మొదలవకముందే ఖరారై ఉంటుంది. మొదటి ఎపిసోడ్ నచ్చకపోయినా దారి మార్చుకునే వీలు నిర్మాతకు లేదు. ప్రసారం మొదలయ్యేసరికి మిగతా ఎపిసోడ్ల స్క్రిప్టులు, స్టోరీబోర్డులు చాలావరకు సిద్ధమై ఉంటాయి. ప్రేక్షకుడి తొలి అభిప్రాయం ఆ సిరీస్‌ను మార్చలేదు. రెండో సీజన్ వస్తుందో లేదో అన్నదాని మీద మాత్రం ప్రభావం చూపగలదు.

తొలి అభిప్రాయం పరిధి

మొదటి ఎపిసోడ్ కొన్ని విషయాల్లో నమ్మదగిన సాక్ష్యం. దర్శకుడి అభిరుచి, మాటల పొదుపు, పాత్రల మధ్య సంబంధాన్ని చూపించే నేర్పు అందులోనే బయటపడతాయి. మొదటి ఎపిసోడ్లో ప్రతిదీ మాటల్లో వివరించే సిరీస్ ఆరో ఎపిసోడ్లో మౌనం నేర్చుకోవడం అరుదు. అదే ఎపిసోడ్ మరికొన్నిటిని చెప్పలేదు: స్టూడియో గడువు తట్టుకోగలదా, మూలకథ ఎక్కడ ఆగుతుంది, ముగింపు మొదలుకు తగినట్టు ఉంటుందా. ‘ఉజుమాకి’లో గీత నాణ్యత నిలవకపోవడమూ, ‘కెమోనో ఫ్రెండ్స్’లో బిగుసుకున్న బొమ్మల వెనక కథ ఉండటమూ ఈ రెండో కోవకే చెందుతాయి.

1970ల్లో ‘యమాటో’కు దొరికిన రెండో అవకాశం ఈరోజు స్ట్రీమింగ్ జాబితాల్లో ఉంది. సీజన్ దాటాక, ముగింపు బాగుందని ఎవరో చెప్పాక, వదిలేసిన సిరీస్‌ను మళ్లీ మొదటి నుంచి చూసేవాళ్లు తక్కువేమీ కాదు. అందువల్ల తొలి అభిప్రాయానికి ఆయుష్షు మూడు నెలలే. చివరి ఎపిసోడ్ వచ్చాక రాసే సమీక్ష దాన్ని ఖరారు చేస్తుంది, లేదా కొట్టేస్తుంది. ఆ సరికి తరువాతి సీజన్ కొత్త ఎపిసోడ్లు వరుసకట్టి ఉంటాయి.